ముందు అరిగేది ఏది? వంటసామాను కొనేముందు చూసుకోవాల్సిన సంగతులు

పెళ్ళి సారెలో వచ్చిన స్టీలు సామాన్లలో సగం అటకెక్కుతాయి. బిందెలూ పెద్ద డేక్సాలూ ఏ శుభకార్యానికో దిగి, మళ్ళీ ఎక్కుతాయి. రోజూ పొయ్యెక్కేవి లెక్కేస్తే ఏడెనిమిదికి మించవు. అన్నం గిన్నె, పప్పుకి కుక్కరు, పులుసుకి ఒక దాక, వేపుడుకి మూకుడు, అట్లకి పెనం, పాలగిన్నె, పోపు గరిటె, అంతే. అయినా శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో పాత్రల షాపులోకి అడుగుపెడితే బేరమంతా సెట్టు మీదే నడుస్తుంది. ఎన్ని ముక్కలు, ఎంత తగ్గిస్తారు అన్నది తేలేసరికి ఈ ఏడెనిమిదింటి సంగతి ఎవరికీ గుర్తుండదు.

డబ్బు పెట్టాల్సింది మాత్రం వీటి మీదే. ఒక పాత్ర మన్నుతుందా లేదా అన్నది రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది. ఒకటి, అందులో మనం ఏం వండుతాం? రెండు, దానిలో మొదట పాడయ్యే భాగం ఏది, అది మన ఊళ్ళో దొరుకుతుందా? కంపెనీ పేరు, మెరుపు, గ్యారంటీ కార్డు అన్నీ వీటి తర్వాతే.

పులుపే అసలు పరీక్ష

మన వైపు చింతపండు తడపని పూట తక్కువ. చేపల పులుసు, ఆవ పెట్టిన కూరలు, పప్పుచారు, వేసవిలో మామిడికాయ పప్పు. పులుపు, ఉప్పు, వేడి, వీటికి తోడు ఎక్కువసేపు నిలవడం. ఈ నాలుగూ కలిసిన చోట లోహం కరుగుతుంది. కళాయి (లోపలి తగరపు పూత) లేని ఇత్తడిలో, రాగిలో పులుసు కాస్తే రాగి అందులోకి దిగి కిలుము వాసన వేస్తుంది, తిన్నవాళ్ళకి కడుపులో తిప్పుతుంది. సత్తు (అల్యూమినియం) గిన్నెలో కాస్తే లోపలి గోడలకి సూదిపోటుల్లాంటి గుంటలు పడతాయి. ఇనుములో కాస్తే పులుసు నల్లబడి, నాలుక మీద ఇనప రుచి నిలుస్తుంది. పులుపుకి చలించనివి నాలుగే. మంచి స్టీలు, మట్టిదాక, రాచ్చిప్ప (రాతితో చేసిన గిన్నె), సరిగ్గా కళాయి పోసిన ఇత్తడి. అందుకని ఎంపిక పులుసు గిన్నెతో మొదలుపెడితే మిగతావి తేలిక.

అయస్కాంతం చెప్పని నిజం

"అయస్కాంతం అంటుకోకపోతే అసలైన స్టీలు" అనే మాట ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. కౌంటరు మీద ఒక అయస్కాంతం ముక్క కూడా సిద్ధంగా ఉంటుంది. ఈ పరీక్ష తేల్చేది చాలా తక్కువ.

వంటపాత్రలకి మంచిదని చెప్పే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 18/8 అని ముద్ర వేసేది అందుకే. చవకరకం 202లో నికెల్ 4 నుంచి 6 శాతమే. ఆ లోటు పూడ్చడానికి మాంగనీసు 7.5 నుంచి 10 శాతం వరకు కలుపుతారు. ఈ రెండింటికీ అయస్కాంతం అంటుకోదు. అంటే 304 ఏదో 202 ఏదో అయస్కాంతానికి తెలియదు. పైగా 304 రేకుని లోతుగా సాగదీసి గిన్నె చేసినప్పుడు, మడతపడిన మూలల్లో అది కాస్త అయస్కాంతాన్ని లాగుతుంది. దాన్ని చూసి మంచి గిన్నెని నకిలీ అనుకుని వెనక్కిచ్చేవాళ్ళూ ఉన్నారు. ఇండక్షన్ స్టవ్వు మీద పనిచేయాలని అడుగున కావాలనే అయస్కాంతం అంటుకునే 430 రకం రేకు వేస్తారు. అదీ లోపం కాదు.

మరి ఏం చూడాలి? గిన్నె అడుగున చెక్కిన గ్రేడు, ఐఎస్ఐ ముద్ర. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకి ఐఎస్ఐ ముద్ర ఉండాలంటూ కేంద్రం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణం ఐఎస్ 14756. షాపతను నోటితో 304 అంటే చాలదు, బిల్లు మీద రాయించండి. రాయడానికి వెనకాడితే జవాబు దొరికినట్టే.

నికెల్ తక్కువైతే వచ్చే నష్టం కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళల్లో త్వరగా బయటపడుతుంది. ఉప్పుగాలికి ముందుగా మచ్చ పడేది గిన్నె మధ్యలో కాదు, పిడి అతికించిన చోట, రివెట్ల చుట్టూ, మడిచిన అంచు లోపల. కొనేటప్పుడు వేలు పెట్టి అంచు తడమండి. అంచు పూర్తిగా చుట్టి మూసేసి ఉంటే నీళ్ళు నిలవవు. సందు ఉంటే అక్కడే తుప్పు మొదలవుతుంది.

మంచి స్టీలునైనా చెడగొట్టే అలవాటు ఒకటుంది. చల్లటి నీళ్ళలో ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టడం. కరగని ఉప్పురాళ్ళు అడుగున కూర్చున్నచోట స్టీలు మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. అవి ఇక పోవు. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి కలిపితే ఆ బెడద లేదు.

రేకు మందాన్ని గేజుల్లో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. 24 గేజు సుమారు 0.56 మి.మీ., 22 గేజు 0.71, 20 గేజు 0.91, 18 గేజు 1.22. నీళ్ళ చెంబుకి 24 చాలు. పొయ్యెక్కే గిన్నెకి 20 కన్నా పలచన వద్దు. అయితే స్టీలుకి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. అల్యూమినియంతో పోలిస్తే వేడిని సుమారు పదిహేనో వంతే పక్కకి పంచుతుంది. మంట తగిలిన వలయం మేర కూర మాడుతుంది, పక్కన పచ్చిగా ఉంటుంది. దీనికి విరుగుడుగా వచ్చినవే మూడు పొరల పాత్రలు. పైనా లోపలా స్టీలు, మధ్యలో అంచు దాకా అల్యూమినియం. ధర ఎక్కువ, కానీ రోజూ పులుసు కాచే ఇంట్లో పెట్టిన డబ్బుకి విలువ ఇచ్చే పాత్ర ఇదే.

అడుగున మాత్రమే మందపాటి బిళ్ళ అతికించిన గిన్నెలు చవక. వాటిలో ముందు పోయేది ఆ అతుకు. కాలుతున్న గిన్నెని కుళాయి కింద పెడితే బిళ్ళ, రేకు వేర్వేరుగా ముడుచుకుని అతుకు లేస్తుంది. మంట బిళ్ళ అంచు దాటితే పక్కగోడ మాడుతుంది. ఇక రాగి అడుగు అని మెరిసే గిన్నెల్లో చాలావాటికి ఉన్నది రాగి పూత మాత్రమే. వేడిని పంచడానికి ఆ పొర ఎందుకూ చాలదు. అందం కోసమైతే కొనుక్కోవచ్చు.

ఇనుము: మొదటి వారం పాట్లు

దిబ్బరొట్టెకి, వేపుడికి, అట్లకి ఇనుముని మించింది లేదు. మినపపిండి మూకుడులో రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్నసెగ మీద అరగంటపైన ఉంచినా అడుగు మాడకుండా ఎర్రగా కాలాలంటే పాత్ర బరువుగా ఉండాలి, వేడిని పట్టి ఉంచాలి. పలచటి రేకు మూకుడులో ఆ రొట్టె అడుగు నల్లగా, నడుమ పచ్చిగా దిగుతుంది.

ఇనుములో రెండు రకాలు. పోత ఇనుము మందంగా, బరువుగా ఉంటుంది. వేడిని బాగా నిలుపుతుంది కానీ పెళుసు. గచ్చు మీద పడితే పగులుతుంది, కాలుతున్నప్పుడు చన్నీళ్ళు పోస్తే నెర్ర వస్తుంది. రేకు ఇనుము పగలదు, కానీ పలచనైతే గ్యాసు మంటకి మధ్యలో ఉబ్బి, నూనె అంచులకి జారిపోతుంది. అట్లపెనం కొనేముందు చదునైన గాజు కౌంటరు మీద పెట్టి వేలితో అంచు నొక్కండి. ఊగితే వద్దు. మందం 4 మి.మీ.కి తగ్గకూడదు.

కొత్త ఇనుముకి పూసి ఉండే యంత్రపు నూనెనో మైనాన్నో వదిలించడం మొదటి పని. సబ్బు, వేడినీళ్ళు, గరుకు పీచుతో రెండుసార్లు తోమి, కడిగిన వెంటనే పొయ్యి మీద పెట్టి తడి ఆరే దాకా కాల్చండి. తర్వాత అరచెంచాడు నూనె లోపలా బయటా రాసి, పొడిగుడ్డతో అసలు రాయలేదేమో అనిపించేంతగా తుడిచేయండి. ఇప్పుడు పెద్దమంట మీద పొగ వచ్చి ఆగే దాకా కాల్చి చల్లారనివ్వండి. ఇలా మూడునాలుగు సార్లు చేస్తే నల్లటి నున్నటి పొర ఏర్పడుతుంది. ఎక్కువమంది తప్పటడుగు వేసేది తుడిచే దగ్గరే. నూనె దండిగా ఉంటే త్వరగా పడుతుందనుకుంటారు. మందంగా ఉన్న నూనె పూర్తిగా గట్టిపడక జిగటగా మిగిలి, రెండో రోజు అట్టుతో పాటు పెచ్చులుగా లేస్తుంది. అలా అయితే మళ్ళీ తోమి మొదటినుంచీ చేయడమే దారి.

పొర పడ్డాక మొదటి వారం అందులో వేపుళ్ళే చేయండి. చింతపండు, టమాటా పెట్టకండి, పులుపు ఆ పొరని తినేస్తుంది. వండిన కూర రాత్రంతా అందులో ఉంచకూడదు. ఇనప మూకుడులో వండితే కూరలో ఇనుము కొంత పెరుగుతుంది, రక్తహీనత ఉన్న ఇంట్లో అది మంచిదే. కానీ వైద్యుడు రాసిన మాత్రలకి అది బదులు కాదు. తోమాక తుడిచి వదిలేయకుండా పొయ్యి మీద ఒక నిమిషం ఉంచండి. వర్షాకాలంలో గాలి తడికే ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది.

ఇత్తడి, కంచు, కళాయి

సారవకోట మండలంలోని బుడితి గ్రామం ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డది. బుడితి లోహపు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంట్లో ఒకటో రెండో ఇత్తడి పాత్రలు ఉండాలనుకునేవాళ్ళకి మంచి సరుకు ఎదురుగానే ఉంది. రెండింటికీ తేడా తెలిసి కొనాలి, అంతే.

ఇత్తడి అంటే రాగి, యశదం (జింకు). కంచు అంటే రాగి, తగరం. కంచులో తగరం సుమారు 22 శాతం. తగరం పాలు అంత ఎక్కువ కాబట్టే కంచుని వేలితో మీటితే గంటలా చాలాసేపు మోగుతుంది, అందుకే పెళుసు కూడా. బిందె మీద నుంచి జారితే సొట్టపడదు, చీలుతుంది. మీటినప్పుడు మోత మధ్యలో తెగి బొంగురుగా వస్తే కంటికి కనపడని నెర్ర ఉన్నట్టు. కంచు కంచంలో తినొచ్చు, చోడి అంబలి తాగొచ్చు. ఖాళీగా పెద్దమంట మీద మాత్రం పెట్టకూడదు. పెరుగు, మజ్జిగ గంటల తరబడి అందులో నిలవ ఉంచకూడదు.

ఇత్తడిలో వండాలంటే కళాయి ఉండాలి. మంచి కళాయి కట్టే తీరు ఇదీ. పాత్రని క్షారంతోనో ఆమ్లంతోనో శుభ్రం చేసి, బొగ్గుల మీద ఎర్రసెగకి కాస్త ముందు దాకా వేడిచేసి, నవాసారం పొడి చల్లుతారు. గుప్పున తెల్లపొగ లేస్తుంది. ఆ క్షణంలోనే తగరం కడ్డీని తాకించి, కరిగిన తగరాన్ని దూదితో గోడలన్నిటికీ పులుముతారు. మొత్తం కొద్ది నిమిషాల పని. అందులో చూడాల్సింది తగరంలో సీసం కలవకుండా ఉండటం. సీసం చవక, విషం. మీ ఎదుటే కట్టించుకోండి, కడ్డీ శుద్ధమైన తగరమేనా అని అడగండి. వీలైతే కడ్డీ మీరే కొనివ్వండి.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఈ అంకె గుర్తుంటే కళాయి గిన్నెతో చేయకూడనివన్నీ గుర్తున్నట్టే. ఖాళీ గిన్నె పొయ్యి మీద మరిచిపోతే పూత పూసలు కట్టి అడుగుకి జారుతుంది. పోపు అందులో వేయకూడదు, విడిగా ఇనప గరిటెలో వేసి పైన పోయాలి. ఇనప పీచుతో తోమకూడదు, బూడిదో మెత్తని పీచో చాలు. లోపల బొటనవేలి ముద్రంత మేర పసుపు రంగు తేలితే మళ్ళీ కళాయి పెట్టించే వేళ. ఇక్కడే రెండో ప్రశ్న అడ్డొస్తుంది. మీ ఊరికి కళాయివాళ్ళు వస్తున్నారా? రాకపోతే, పట్నం తీసుకెళ్ళే ఓపిక లేకపోతే, ఇత్తడి గిన్నె కొనడం షోకే అవుతుంది. ఒక్కటి మాత్రం నిజం. పాత ఇత్తడిని తూకానికి తీసుకునే షాపులు ఉన్నాయి కాబట్టి వద్దనుకున్న రోజున కొంత డబ్బు తిరిగి వస్తుంది, స్టీలు తుక్కుకి అంత రాదు.

రాచ్చిప్ప పులుసుకి గొప్ప పాత్ర, కానీ తొందరపడేవాళ్ళకి కాదు. కొత్తదాన్ని కొన్నాళ్ళు గంజి పోసి ఉంచి, నూనె పసుపు రాసి, సన్నసెగ మీదే అలవాటు చేయాలి. వేడిని బాగా పట్టి ఉంచుతుంది కాబట్టి పులుసు ఇంకాస్త దగ్గరపడాలి అనగానే పొయ్యి ఆపేయాలి, మిగతాది రాయే చూసుకుంటుంది.

సత్తు గిన్నె నీళ్ళు కాచుకోడానికి, అన్నం వండుకోడానికి పనికొస్తుంది. పులుపుకి వద్దు. సోడా వేసి తోమొద్దు, క్షారం కూడా దాన్ని తింటుంది. ఏ తుక్కు కరిగించి పోశారో తెలియని, ముద్ర లేని పలచటి గిన్నెలు సంతలో ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

కుక్కరు మూతలో ఉన్నదే అసలు కుక్కరు

కింది గిన్నె పదిహేనేళ్ళు ఉంటుంది. పాడయ్యేదంతా మూతలోనే. గ్యాస్కెట్, వెయిట్, వెయిట్ కూర్చునే గొట్టం, సేఫ్టీ వాల్వు, పిడి మరలు. కాబట్టి ఈ ఐదూ మీ ఊళ్ళో దొరికే కంపెనీ కుక్కరే కొనండి. ఐఎస్ 2347 ముద్ర తప్పనిసరి. ముద్ర లేనిది అమ్మడం 2021 ఫిబ్రవరి నుంచి చట్టవిరుద్ధం. ఇద్దరికి 3 లీటర్లు, నలుగురైదుగురికి 5 లీటర్లు సరిపోతుంది.

లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో పెరుగుతుంది, నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. ఆ ఒత్తిడిని నిర్ణయించేది వెయిట్ బరువే. పాతది పోయిందని పక్కింటి కుక్కరు వెయిట్ తెచ్చి పెట్టడం ప్రమాదకరం. బరువు ఎక్కువైతే ఒత్తిడి హద్దు దాటుతుంది, తక్కువైతే పప్పు ఉడకదు.

ఆవిరి మూత పక్కనుంచి బుసకొడుతుంటే గ్యాస్కెట్ గట్టిపడినట్టు. చల్లటి నీళ్ళలో వేసి బిగించడం ఆ పూటకి పనికొస్తుంది. రోజూ వాడే ఇంట్లో ఏడాదికోసారి మార్చాల్సిందే. వెయిట్ నుంచి పప్పునీళ్ళు చిమ్ముతుంటే రెండే కారణాలు, నిండుగా పోయడం లేదా మంట ఎక్కువ కావడం. కూరలకి మూడింట రెండు వంతులు, ఉబ్బే అన్నానికీ నురగ కట్టే పప్పుకీ సగమే నింపాలి. ఆ నురగ గొట్టంలో ఎండి మూసుకుపోతే ఆవిరికి దారి ఉండదు. రోజూ కడిగేటప్పుడు గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూడండి, అవతలి వెలుగు కనపడాలి.

సేఫ్టీ వాల్వులో త్వరగా కరిగే లోహపు బిళ్ళ ఉంటుంది. నీళ్ళు ఇంకిపోయినా, గొట్టం మూసుకుపోయినా అది కరిగి ఆవిరిని వదిలేస్తుంది. వాల్వు పోయిందంటే అది తన పని చేసినట్టు. కొత్తది వేసేముందు ఎందుకు పోయిందో చూడాలి. దాని చోట మర బిగించి వాడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అడుగు ఉబ్బిన కుక్కరుని రిపేరు చేయించొద్దు, తుక్కుకి వేసేయండి.

పప్పుచారుకి చింతపండు రసం కుక్కరులో ముందే పోయకండి. పులుపు అల్యూమినియాన్ని తింటుంది, పైగా పులుపులో కందిపప్పు త్వరగా మెత్తబడదు. పప్పు ఉడికాక స్టీలు గిన్నెలోకి మార్చి పోయండి. బోరునీళ్ళు వాడే ఇళ్ళలో కుక్కరు లోపల నల్లబడటం మామూలే, హాని లేదు. చింతపండు తుక్కు వేసి నీళ్ళు మరిగిస్తే పోతుంది.

మిక్సీ, గ్రైండరు, కరెంటు

పచ్చళ్ళకి, మసాలాకి 500 వాట్ల మిక్సీ చాలు. రోజూ పప్పు రుబ్బే ఇంటికి 750. ముందు అరిగేది జారు కింద ఉండే రబ్బరు కప్లరు. అది అరిగిపోవడం మంచిదే, మోటారుకి బదులు అది పోతుంది. జారు అడుగున నల్లటి జిడ్డు నీరు కారుతుంటే బ్లేడు బుష్ వదులైంది, వెంటనే మార్పించకపోతే నీళ్ళు మోటారులోకి దిగుతాయి. తిరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని కంగారు పడకుండా, చల్లారనిచ్చి అడుగున ఉండే ఎర్ర మీట నొక్కండి.

ఇడ్లీకి, దిబ్బరొట్టెకి పిండి పొంగాలంటే గ్రైండరే మేలు. రాళ్ళు నెమ్మదిగా తిరుగుతాయి, పిండి వేడెక్కదు. నలుగురికి 2 లీటర్లది సరి. అయినా ఇంట్లో ఉన్న రుబ్బురోలునీ సన్నికల్లునీ బయట పడేయకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అప్పుడు ఇళ్ళలో పని చేసినవి రాళ్ళే. అరిగి నున్నబడ్డ రోలుకి గంట్లు పెట్టించుకుంటే మళ్ళీ నలుగుతుంది. కొత్త గంట్లు పడ్డాక తవుడో పాతబియ్యమో రెండుమూడు వాయిలు రుబ్బి పారబోయండి, రాతి గరుకు పోయేదాకా.

నాన్‌స్టిక్ పెనం ఎంత జాగ్రత్తగా వాడినా కొన్నేళ్ళ సరుకే. ఖాళీగా పెద్దమంట మీద వదలకండి, 260 డిగ్రీలు దాటితే పూత పాడవడం మొదలవుతుంది. పొరలు లేచినదాన్ని తీసేయండి. కొనేటప్పుడే అది నిలిచే వస్తువు కాదని లెక్కేసుకుంటే బాధ ఉండదు.

ఒక్కసారే అన్నీ కొనలేనివాళ్ళు 5 లీటర్ల కుక్కరు, మందపాటి ఇనప మూకుడు, పులుసుకి ఒక 304 గిన్నె, ఈ మూడింటితో మొదలుపెట్టొచ్చు. పెనం తర్వాత, గ్రైండరు ఆ తర్వాత. ఇత్తడి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. స్టీలు తూకానికి ఇచ్చే చోట గిన్నెని మూత తీసి విడిగా తూచమనండి. మూతకీ పిడికీ వేసిన బరువు మంట మీద పనికిరాదు.